వంతెన మీద పన్నెండు ఫ్లాష్‌లు

"ఇంకొంచెం వెనక్కి జరగండి. సముద్రం బాగా పడుతుంది."

బాబాయి నవ్వుతూ ఒక అడుగు వెనక్కి వేశాడు. వీపుకి ఇనప రెయిలింగ్ తగిలింది. పొద్దు వాలుతోంది. పాత కోట రాళ్ళన్నీ పసుపు రాసినట్టు మెరుస్తున్నాయి. టూరిస్టులంతా బస్సుల దగ్గరికి దిగిపోయారు. బురుజు మీద మిగిలింది అతనూ, అతని కెమెరా పట్టుకుని నిలబడ్డ అందమైన ఆడమనిషీ.

"కళ్ళజోడు తీసెయ్యనా?"

"వద్దు, అలాగే బాగున్నారు. మోచేతులు రెండూ రెయిలింగ్ మీద ఆన్చండి. ఆ... అంతే. హాయిగా."

బాబాయి హాయిగా ఆనుకున్నాడు. ఆమె బటన్ నొక్కింది. క్లిక్‌మన్న మరుక్షణం రెయిలింగ్ చప్పుడు లేకుండా విడిపోయింది. బోల్టులన్నీ ఊడదీసి, ఆ చోట మైనం కూరి ఉంచారు.

అతను అరిచే లోపే కింది రాళ్ళు పైకొచ్చేశాయి.

ఆమె తొంగి చూడలేదు. కెమెరాలోంచి కార్డు తీసుకుంది. కెమెరాను అతని వెనకే కిందికి విసిరేసింది. తల మీది వెడల్పాటి టోపీ సర్దుకుని, తొందరేమీ లేనట్టు మెట్లు దిగింది.

మర్నాడు పేపర్లో మూడు లైన్లు వచ్చాయి. 'ఫోటో మోజులో ప్రాణం తీసుకున్న పర్యాటకుడు.'

పరామర్శకు వచ్చిన బంధువులు కూడా అదే మాట అన్నారు. "ఈ వయసులో ఫోటోల పిచ్చేంటమ్మా! పోతే పోయాడు, నలుగురూ నవ్వుకునేలా పోయాడు." బాబాయి భార్య తల దించుకుని కూర్చుంది. తన భర్త కెమెరాలు రిపేరు చేసే కంపెనీలో పనిచేస్తాడనే ఆవిడకు తెలుసు. ఆ గది మూలన, చెప్పుల పక్కన, నలభై దాటిన ఒక ఆడమనిషి గోడకు చేరబడి కూర్చుంది. ఆమెకు మాత్రం ఒక్క విషయం మింగుడు పడలేదు. పదిహేనేళ్ళ క్రితం ఈ ఉద్యోగంలో బాబాయి తనకు నేర్పిన మొదటి పాఠం, ఎవరు అడిగినా వెనక్కి నడవకూడదని. అలాంటి మనిషి వెనక్కి నడిచాడంటే, అడిగింది అతను నమ్మిన మనిషి అయ్యుండాలి.

ఆ ఉద్యోగంలో ఆమెను పిలిచే పేరు వదిన.

* * *

స్టూడియో బోర్డు మీద 'పాస్‌పోర్ట్ ఫోటోలు వెంటనే ఇవ్వబడును' అని ఉంటుంది. నిజంగానే ఇస్తారు. ముందు గదిలో తెల్ల తెర, స్టూలు, దారంతో దువ్వెన వేలాడే అద్దం. వెనక పాత డార్క్‌రూమ్. ఆ డార్క్‌రూమ్ గోడ పక్కకు జరిగితే గూఢచారి డిపార్ట్‌మెంట్.

డిపార్ట్‌మెంట్‌లో పేర్లుండవు, వరసలుంటాయి. చీఫ్ పెదనాన్న. చనిపోయింది బాబాయి. వదిన, ఏజెంట్. గాడ్జెట్లు చేసే మనిషి అత్తయ్య, వైర్‌లెస్ దగ్గర ఒక బావ. ఎవరికి ఎవరేమవుతారో తేల్చబోతే పెళ్ళిళ్ళ పేరయ్యకైనా మతిపోతుంది.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు పెదనాన్న. బల్ల మీద ఫోటోలు పరిచాడు. "ఏం కనబడుతోంది?"

కొత్తగా పెళ్ళైన జంట. మనవణ్ణి భుజానెత్తుకున్న ముసలాయన. జుట్టు ఎగురుతుంటే నవ్వుతున్న కాలేజీ పిల్ల.

"మంచి ఫోటోలు. లైటు బాగుంది. ముఖాలు బాగా వచ్చాయి."

"ముఖాలు వదిలెయ్. వెనకాల చూడు."

వదిన చూసింది. జంట వెనక వంతెన పిల్లర్. ముసలాయన వెనక రెండు దూలాలు కలిసే జాయింట్. కాలేజీ పిల్ల జుట్టు వెనక గార్డు గది, దాని తలుపు, తాళం.

"నదీముఖం దగ్గరి రైలు వంతెన," అంది.

"అదే. ఈ ఫోటోలు తీసినవాళ్ళు అమాయకులు. 'ప్రయాణంలో మంచి ఫోటోలు' అని ఒక కోర్సు. నాలుగు రోజుల టూరు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు తిప్పి తీయాలో స్కూలే చెబుతుంది. సాయంత్రానికి ఫోటోలన్నీ స్కూలు సర్వర్‌కి ఎక్కించాలి. రివ్యూ చేస్తారట! ఇలాంటి బ్యాచ్‌లు నాలుగు అయ్యాయి. వంతెన ఎముకల గూడంతా ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉంది."

"ఎవరు వాళ్ళు?"

"నెగటివ్. పరాయి గూఢచారుల రింగ్. పోయినేడు ఇంకో దేశంలో ఆనకట్ట గేటు పేలిందే, దానికి ముందు అక్కడా ఇదే కోర్సు, వేరే పేరుతో. రేవుకి రైలు దారి మనకి అదొక్కటే. వంతెన పోతే రేవు చచ్చినట్టే."

"బాబాయి ఎలా దొరికిపోయాడు?"

పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇష్టంలేని మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయన అద్దాలకు దుమ్ము పడుతుంది.

"లోపల మనకో సోర్స్ ఉంది. స్కూల్లో మోడల్. పోర్ట్రెయిట్ పాఠాలకి నిలబడుతుంది. ఆమెను మనవైపు తిప్పింది బాబాయే."

"అయితే మన మనిషేనా?"

"మన మనిషే. అంటే వాళ్ళ మనిషి కూడా. ఎవరికెంత అన్నది తేల్చుకునే లోపే బాబాయి పోయాడు. పాఠాలు చెప్పే మాస్టారొకడున్నాడు. రింగ్ లీడర్ వాడేనని నా అనుమానం. రేపు కొత్త బ్యాచ్ మొదలు. పన్నెండు మంది. పన్నెండో మనిషివి నువ్వు."

"కవర్?"

"ఫోటోలు తీయడం చేతకాని గృహిణి."

కదిలే బస్సులోంచి చేతిసంచి చిల్లు గుండా కారు నంబరు ప్లేటు తీయగల మనిషి వదిన. ఆమె నవ్వలేదు. "పదిహేనేళ్ళుగా ఇంట్లో నా కవర్ అదేగా," అంది.

అత్తయ్య ఆమె చేతిలో ఒక పౌడరు డబ్బీ పెట్టింది. "పఫ్ కింద సందుంది. మెమరీ కార్డు దూర్చు. తుడిచేసిన ఫోటోల్ని వెనక్కి లాగుతుంది. కాస్త నత్తనడక, తొందరపెట్టకు. పౌడరు మాత్రం రాసుకోకు, అది బాగోదు."

ఆ సాయంత్రం వదిన పెట్టె సర్దుకుంటుంటే కూతురు మంచం మీద బోర్లా పడుకుని నవ్వింది. "ఫోటోల కోర్సా! ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందన్నమాట. స్టూడియోలో లెక్కలు రాస్తావు, మన ఆల్బమ్‌లో చూస్తే నాకు తలకాయ ఉన్న ఫోటో ఒక్కటీ లేదు."

"నువ్వు కుదురుగా నిలబడితేగా!"

ఆ తలకాయలన్నీ వదిన కావాలని నరికినవే. చెయ్యి తిరిగిన మనిషి అని ఒక్క ఫోటో పట్టించేస్తుంది. కూతురు మొదటి అడుగు, మొదటి సైకిలు, స్కూల్లో పాట పాడిన రోజు, అన్నీ మసకే. ఆ రోజులు మళ్ళీ రావు. పెట్టె మూత నొక్కి, జిప్పు లాగింది.

* * *

మాస్టారు బక్కపల్చటి మనిషి. మెడలో మూడు కెమెరాలు వేలాడుతుంటే ముందుకు వంగిపోయి నడిచేవాడు. మొదటి పాఠం హోటలు ముందు, ఎండలో.

"సూర్యుడు మీ వెనక ఉంటే మీ నీడ ఎటు పడుతుంది? ముందుకి! ఎక్కడికెళ్ళినా టూరిస్టులంతా చేసే తప్పు ఇదే. గొప్ప గోపురం, గొప్ప కొండ, దాని మీద మన బోడి నీడ! నొక్కే ముందు నాలుగు మూలలూ చూడండి. ముందు వెనకాల చూడండి, తర్వాత ముఖం చూడండి. కొత్త ఊళ్ళో దిగగానే కెమెరా తీయకండి. కాసేపు ఊరికే నిలబడండి. ఊరు మీకు అలవాటు పడనివ్వండి."

మంచి పాఠమే. వదిన కెమెరాను తలకిందులుగా పట్టుకుని అడిగింది, "మాస్టారూ, దీనికి మూత ఉందేంటి?"

మిగతా పదకొండు మందీ నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఓపిగ్గా మూత తీసి, ఆమె మోచేతులు పక్కటెముకలకు ఆన్చి, "ఇలా పట్టుకుంటే వణకదమ్మా," అన్నాడు. హంతకుడి చేతులు ఎలా ఉంటాయో వదినకు తెలుసు. ఇవి అలా లేవు. అయితే ఆ మాట డిపార్ట్‌మెంట్‌లో సాక్ష్యంగా చెల్లదు.

హాజరు తీసుకుని, మంచినీళ్ళు అందించేది మాస్టారి భార్య. మాస్టారమ్మ అనేవాళ్ళు అందరూ. గలగలా మాట్లాడేది. "పెళ్ళైన నాటి నుంచి మా ఆయన నన్ను చూసిందంతా ఒంటికన్నుతోనే. రెండోది మూసేసుంటుందిగా! నేను కాకిలా కనబడతానో కోకిలలా కనబడతానో దేవుడికే ఎరుక." అంటూనే ఎండకు ఆయన తల మీద తడి తువ్వాలు వేసి పోయేది.

మోడల్ రెండో రోజు మధ్యాహ్నం వచ్చింది. వెడల్పాటి టోపీ, దానికి వెనక వేలాడే సన్నటి రిబ్బను. ఆమె నడిచొస్తుంటే హోటలు వెయిటర్ చేతిలో ట్రే ఒక పక్కకి ఒరిగింది. అందం అందరికీ ఉండొచ్చు. దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో, ఎప్పుడు మడిచి పెట్టాలో తెలిసిన మనిషి ఆమె.

పాఠం అయ్యాక వదిన హోటలు డాబా మీదికి వెళ్ళింది. తీగల మీద ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి ఒక గొంతు వినిపించింది.

"మీ కెమెరాకి మబ్బు పట్టిందా?"

కోడ్. వదిన బదులిచ్చింది. "కెమెరాకి కాదు, కంటికే పొర కమ్మింది."

మోడల్ దుప్పటి పక్కకు తప్పించి ముందుకొచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఆయన్ని మాస్టారే చంపించాడు. నేను ఆపలేకపోయాను." ఒక మెమరీ కార్డు వదిన చేతిలో పెట్టింది. "ఆ రోజు పొద్దున నాకిచ్చి దాచమన్నాడు. ఇందులో వంతెన ఫోటోలున్నాయి. కానీ వంతెన ఉత్త ఎర. అసలు దెబ్బ రేవు మీద. ఆయిలు ట్యాంకులు. ఎల్లుండి పొద్దున, మా ఆఖరి క్లాసు జరిగే టైముకి. మీ వాళ్ళందర్నీ రేవుకి పంపించండి."

"నేను?"

"మీరు గ్రూపుతోనే ఉండండి అక్కా. ఒక్కరు తగ్గినా మాస్టారుకి అనుమానం వస్తుంది."

అక్కా అన్న పిలుపు ఎంత చల్లగా వచ్చిందంటే, వదిన ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నమ్మేసింది కూడా. పెదనాన్నకు కబురు వెళ్ళింది. డిపార్ట్‌మెంట్ మనుషులంతా రేవు చుట్టూ కాపు కాశారు.

అయినా, నమ్మకం వేరు, అలవాటు వేరు. వదిన ఆ కార్డును పౌడరు డబ్బీలో దూర్చి పెట్టింది.

* * *

ఆఖరి క్లాసు రోజు ఉదయం స్కూలు వాళ్ళు పన్నెండు మందికీ పన్నెండు కొత్త బ్యాగులిచ్చారు. ఒక్కో దాంట్లో ఒక ఫ్లాషు, బరువైన బ్యాటరీ పెట్టె.

"ఈ రోజు ఫోటో మీది కాదు, నాది," అన్నాడు మాస్టారు. "మీరంతా వంతెన కాలిబాట మీద వరసగా నిలబడతారు. సూర్యుడు మీ వెనక ఉంటాడు కాబట్టి ముఖాలు నల్లగా పడతాయి. అందుకే ఫ్లాష్‌లు. నేను కొండ మీంచి తీస్తాను. రైలు మధ్యకొచ్చిన క్షణాన నేను నొక్కితే పన్నెండూ ఒక్కసారి వెలుగుతాయి. అలాంటి ఫోటో కోసం జీవితమంతా కాచుకున్నాను."

అందరూ బస్సు దగ్గరికి కదిలారు. వదిన బాత్‌రూంలోకి దూరి గడియ పెట్టింది. పౌడరు డబ్బీ అద్దంలో చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. డబ్బీ పని ముగిసింది.

వంతెన. వంతెన. వంతెన. ఆఖరున, తుడిచేసిన ఫోటో ఒకటి.

కోట బురుజు. రెయిలింగ్‌కి ఆనుకుని బాబాయి. నవ్వుతున్నాడు, పళ్ళన్నీ కనబడేలా, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసి నవ్వినట్టు. అతని పాదాల దాకా సాగిన పొడుగాటి నీడ ఒకటి రాళ్ళ మీద పడింది. ఫోటో తీసిన మనిషి నీడ. తల చుట్టూ వెడల్పాటి టోపీ. టోపీ వెనక గాలికి ఎగిరిన సన్నటి రిబ్బను.

వదిన తొట్టి అంచున కూర్చుంది. డాబా మీద తను పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చి, తన అరచేతిని చీరకు తుడుచుకుంది.

తర్వాత కొత్త బ్యాగు దగ్గరికి లాక్కుంది. బ్యాటరీ పెట్టె మూత గోరుతో పైకి లేపింది. లోపల బ్యాటరీ లేదు. సబ్బులాంటి పసుప్పచ్చ ముద్ద, దాంట్లో గుచ్చిన డిటొనేటర్, అక్కడి నుంచి ఫ్లాషు రిసీవర్‌కి వెళ్ళిన రెండు వైర్లు. ఊపిరి బిగబట్టి డిటొనేటర్‌ను బయటికి లాగింది. పెట్టె మూత మళ్ళీ బిగించింది.

ఫోన్ తీసింది. "పెదనాన్నా. రేవు అబద్ధం. వంతెనే. బాబాయిని చంపింది మోడల్. పన్నెండు బ్యాగుల్లో పన్నెండు బాంబులు, నాది తీసేశాను. మాస్టారు ఫోటో నొక్కితే అన్నీ పేలతాయి. పొద్దుటి ప్యాసింజర్ వంతెన మీదుండగా."

అవతల పెదనాన్న గొంతు తగ్గించాడు.

"గొడవ చెయ్యకు. ట్రాన్స్‌మిటర్ వాళ్ళ చేతిలో ఉంది. అనుమానం వస్తే బస్సులోనే నొక్కేస్తారు. నేను రైలు ఆపిస్తాను. మనవాళ్ళు రేవు నుంచి రావాలి, టైము పడుతుంది. ఈ లోపు..."

"ఈ లోపు నేనున్నాను," అంది వదిన. బయట మాస్టారమ్మ తలుపు కొడుతోంది. "ఏమ్మా, కడుపు నొప్పా? బస్సు కదులుతోంది!"

బస్సులో కొత్త జంట ఒకరి భుజం మీద ఒకరు తలలు వాల్చి కూర్చున్నారు. రిటైరైన హెడ్మాస్టరు బ్యాగును ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుని, ఫ్లాషు అద్దాన్ని రుమాలుతో తుడుస్తున్నాడు. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా వదిన కళ్ళు మూసుకుంది.

* * *

కొండ మీద వ్యూపాయింట్. కింద నది, నది మీద ఉక్కు వంతెన, దాని పక్కన కాలిబాట. మాస్టారు ట్రైపాడ్ నిలబెట్టి కెమెరా బిగించాడు. మోడల్ తన చేతిసంచిలోంచి నల్లటి చిన్న పెట్టె తీసి ఇస్తే మాస్టారు కెమెరా నెత్తి మీద గుచ్చాడు. "ఇది మామూలు ట్రిగ్గర్ కాదు మాస్టారూ, చాలా దూరం పోతుంది. మీ కోసం ప్రత్యేకంగా తెప్పించాను."

విద్యార్థులు ఒక్కొక్కరే మెట్లు దిగి, వంతెన మీద సుద్దతో గీసిన గుర్తుల దగ్గర నిలబడుతున్నారు. బ్యాగులు పిల్లర్లకు ఆన్చి పెట్టుకుంటున్నారు.

"మీరు కూడా వెళ్ళండి అక్కా," అంది మోడల్.

వదిన తల పట్టుకుని రాతి మీద కూలబడింది. "నావల్ల కాదు. కింద నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి."

"అయ్యో, మధ్యలో ఖాళీ పడుతుందే!" అన్నాడు మాస్టారు. ఏడ్చేలా ఉన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి భార్య వైపు తిరిగాడు. "ఏమేవ్, నువ్వెళ్ళు. ఈవిడ బ్యాగు తీసుకుని మధ్యలో నిలబడు. నీది ఎర్ర చీర. బ్రహ్మాండంగా పడుతుంది."

"ఇన్నాళ్ళకి పనికొచ్చాను!" మాస్టారమ్మ మురిసిపోతూ బ్యాగు భుజానేసుకుని మెట్లు దిగింది.

వదిన ఆ ఎర్ర చీర వంకే చూసింది. ఆ బ్యాగు పేలదు. కానీ దానికి అటు ఐదు, ఇటు ఆరు పేలతాయి. ఏ మగవాడూ తెలిసి తెలిసి తన భార్యను అక్కడికి పంపడు. అంటే మాస్టారుకి ఏమీ తెలియదు! బటన్ నొక్కే వేలు మాత్రమే అతనిది.

ఆ ఆలోచన ఆమె ముఖంలో ఒక్క రెప్పపాటు కనబడినట్టుంది. అది చాలు మోడల్‌కి. పక్కనే వచ్చి కూర్చుని, చల్లగాలికన్నట్టు తన శాలువా ఇద్దరి మీదా కప్పింది. శాలువా కింద తుపాకీ మూతి వదిన పక్కటెముకల్లో గుచ్చుకుంది.

"నోరెత్తితే ఇక్కడే పోతావు. నువ్వు పోయాక బటన్ నేను నొక్కుతాను. తేడా ఏమీ ఉండదు," అంది గుసగుసగా. ముఖం నిండా చిరునవ్వే. "ఎలా తెలిసింది?"

"నీ నీడ. బాబాయి ఆఖరి ఫోటోలో పడింది."

"తుడిచేశానే."

"తుడిచావు. అందుకే వెతికాను."

మోడల్ చిన్నగా నిట్టూర్చింది. "పాపం మంచివాడే. నన్ను పూర్తిగా నమ్మాడు. నమ్మినవాళ్ళని చూస్తే నాకు భలే జాలేస్తుంది."

దూరంగా రైలు కూత వినబడింది.

ఆగలేదు. రైలు ఆగలేదు. పెదనాన్న మాట ఏ ఆఫీసులో, ఏ బల్ల మీద, ఎవరి సంతకం కోసం పడుందో! మలుపు తిరిగి ఇంజను కనబడింది. పెట్టెల కిటికీల్లో మనుషులు. తలుపుల దగ్గర వేలాడుతూ మనుషులు.

మాస్టారు ఎడమ కన్ను మూసి, కుడి కన్ను కెమెరాకి ఆన్చాడు. లోకంతో అతని సంబంధం తెగిపోయింది. "రా తల్లీ, రా... ఇంకొంచెం..." అంటున్నాడు రైలుతో. వేలు బటన్ మీద ఉంది.

ఇప్పుడు 'నొక్కకు' అని అరిస్తే? తుపాకీ పేలుతుంది. అతను ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే వేలు నొక్కుకుంటుంది.

రైలు వంతెన ఎక్కింది. ఉక్కు దడదడలాడింది. వదిన ఈ నాలుగు రోజులూ మాస్టారిని చూసింది. ఈ మనిషి ఎలాంటి ఫోటో నొక్కడో ఆమెకు తెలుసు.

శాలువా విసిరికొట్టి లేచింది. రెండే అంగల్లో కెమెరా ముందుకు వెళ్ళి, లెన్సుకి ఎదురుగా, తన బుర్ర అడ్డం పెట్టి నిలబడింది.

"అమ్మా!" మాస్టారు గావుకేక పెట్టాడు. "జరగండమ్మా! ఫ్రేములోంచి జరగండి!"

వేలు బటన్ మీదే ఉంది. కిందికి మాత్రం దిగలేదు, చిరాకుతో పైకి లేచింది.

తుపాకీ పేలింది. ఎడమ భుజం వెనక ఎవరో సమ్మెటతో మోదినట్టయింది. వదిన ట్రైపాడ్‌ను రెండు చేతులా కావలించుకుని నిలబడింది. జరగలేదు.

"అయ్యో, వచ్చేసింది, మధ్యకొచ్చేసింది... జరగండి తల్లీ, మీ కాళ్ళు పట్టుకుంటా..." మాస్టారు కెమెరాలోంచి కన్ను తీశాడు. ఆమె చీర మీద పాకుతున్న రక్తం అప్పుడు కనబడింది.

మోడల్ కెమెరా మీదికి దూకింది. ఆ కెమెరాను ఇరవై ఏళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు మాస్టారు. ఏం జరుగుతోందో అర్థం కాలేదు కానీ చెయ్యి దానంతటదే బటన్‌ను కప్పేసింది. రెండో గుండు ఆ చేతిలోంచి దూసుకుపోయింది. అతను కెవ్వుమన్నాడు. చెయ్యి మాత్రం తీయలేదు.

"పైన ఉన్న పెట్టె!" వదిన అరిచింది. "మాస్టారూ, మీ ఆవిడ చస్తుంది, ఆ నల్ల పెట్టె పీకెయ్యండి!"

పీకింది చివరికి వదినే. కుడిచేత్తో ట్రాన్స్‌మిటర్‌ను ఊడబెరికి, పళ్ళతో బ్యాటరీ మూత లాగేసింది. రెండు చిన్న బ్యాటరీలు రాళ్ళ మీద దొర్లుకుంటూ పోయాయి. ట్రైపాడ్‌ను మోడల్ మోకాళ్ళకేసి తోసింది. మోడల్ పడిపోయింది, తుపాకీ చేజారింది. వదిన దాని మీద కాలు పెట్టి నిలబడింది. అంతకంటే ఇంకేం చేసే ఓపిక ఆమెలో లేదు.

కింద రైలు ఆఖరి పెట్టె వంతెన దాటింది. మాస్టారమ్మ మధ్యలో నిలబడి, చీర సర్దుకుని, కొండ వైపు చూస్తూ చెయ్యి ఊపుతోంది.

* * *

ఆసుపత్రి గదికి పెదనాన్న ఒక్కడే వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీశాడు.

"మోడల్?" అంది వదిన.

"జీపులో విషం మింగేసింది. పన్ను సందులో దాచుకుందట. అసలు ఏ దేశం మనిషో కూడా చెప్పకుండానే పోయింది."

"బ్యాగులు?"

"పదకొండూ తీసేశారు. ఆ హెడ్మాస్టరు మాత్రం తన బ్యాగు ఇవ్వనని గంటసేపు పోట్లాడాడు."

"మాస్టారు?"

"ప్రాణానికి ఫరవాలేదు. కుడిచేతి చూపుడు వేలు తీసేయాల్సి వచ్చింది."

వదిన గోడ వైపు తిరిగింది. పక్క వార్డులోంచి మాస్టారమ్మ గొంతు వినబడుతోంది. గలగలా కాదు, మెల్లగా, జ్వరమొచ్చిన పిల్లాడికి గంజి తాగిస్తున్నట్టు.

"బాబాయి సంగతి వాళ్ళావిడకి చెప్పండి పెదనాన్నా. అంతా చెప్పక్కర్లేదు. ఫోటో పిచ్చితో పోలేదని ఒక్క మాట."

ఆయన చాలాసేపు అద్దాలు తుడిచాడు. "కుదరదు అమ్మాయ్. రింగ్‌లో మిగిలినవాళ్ళు ఆ ఇంటి మీద కన్నేసి ఉంటారు. ఆ మూడు లైన్లే ఆవిడకి కాపలా."

వదిన దుప్పటి భుజం మీదికి లాక్కుంది.

"నీ గురించి పేపర్లో ఏం రాలేదనుకో," అన్నాడు పెదనాన్న చివరికి. "రైలు గురించి వచ్చింది. రైలు ఆపమని నేనిచ్చిన ఆర్డరు, అది వంతెన దాటి వెళ్ళాక అందిందట. ఆర్డరు ఆర్డరే కాబట్టి అవతలి స్టేషన్లో పట్టుకుని పొద్దెక్కేదాకా నిలబెట్టేశారు. ప్రయాణికులు మండిపడుతున్నారు. ఆఫీసుకి ఆలస్యమైందని ఒకడు, పెళ్ళిచూపులు తప్పిపోయాయని ఇంకొకడు. పెట్టెలకి పెట్టెలే సంతకాలు పెట్టి కంప్లయింట్లు రాశాయి. మన మీద ఎంక్వయిరీ వేస్తారట."

వదినకు భుజం సలిపింది, అయినా నవ్వొచ్చింది.

"రాసుకోనివ్వండి పెదనాన్నా. కంప్లయింటు రాయాలంటే ముందు బతికుండాలి కదా."